100 శాతం టీకాలు అంటే ఎవరిలో 100? పాలమూరు, నల్గొండ దిక్కు నుంచి వ్యాక్సిన్ ఈక్విటీ ముచ్చట

మా దిక్కు ఒక పీహెచ్‌సీ గోడకు ఫ్లెక్సీ ఉండె. ‘మండలంలో 100 శాతం టీకాలు పూర్తి’ అని పెద్ద అక్షరాలు, పక్కన నవ్వే పాప బొమ్మ, కింద ముగ్గురు నలుగురు పెద్దమనుషుల ఫొటోలు. అదే రోడ్డు పట్టుకొని రెండు కిలోమీటర్లు పోతే ఇటుక బట్టీ వస్తది. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఆడ గుడిసెలేసుకొని ఉంటరు, ఆ గుడిసెల ముందు ఆడుకునే పిల్లల్లో ఒక్కనికి గూడ టీకాల కార్డు లేదు. మరి ఫ్లెక్సీ మీద రాసింది అబద్ధమా అంటే కాదు, రిజిస్టర్ తీసి చూస్తే లెక్క నిజంగనే సరిపోయింది. ఆ పిల్లలు ఆ రిజిస్టర్‌ల లేరు, అంతే.

‘వ్యాక్సిన్ ఈక్విటీ’ అనే మాట కరోనా టైంల అందరి నోట్ల పడ్డది, క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకా ముచ్చట లేచినప్పుడల్లా గ్రూపుల్ల మళ్ళ వస్తుంటది. ఒకలు "అందరికీ ఫ్రీగనే ఇస్తున్నరు గదా, ఇంకేం ఈక్విటీ" అంటరు, ఇంకొకలు "అంతా కంపెనీల ఆట" అంటరు, మధ్యల అసలు ముచ్చట ఏందో ఎవరికీ సమజ్ కాదు. మన జిల్లాల లెక్కలు, మనుషులను ముందర పెట్టుకొని దీన్ని ఒక్కో ముడి విప్పుకుంట పోదాం.

సమానం అంటే ఏంది, సమన్యాయం అంటే ఏంది

చెరువు కింద ఎవుసం చేసినోళ్ళకు ఇది సులువుగ తెలుస్తది. తూము తెరిస్తే నీళ్ళు అందరికీ ఒకటే రోజు వదిలినట్టే లెక్క. కట్ట కింది మడి గంటల నిండుతది, ఆఖరి మడి దాకా వచ్చేసరికి సగం నీళ్ళు కాలువలనే ఇంకిపోతయ్, నడుమ ఎవరన్న గండి కొట్టుకుంటే ఆ సగం గూడ రావు. అందరికీ ఒకటే టైం పారిచ్చుడు సమానత్వం. ఆఖరి మడి తడవాల్నంటే ఎన్ని గంటలు పట్టుద్దో అన్ని గంటలు పారిచ్చుడు ఈక్విటీ, తెలుగుల సమన్యాయం అనొచ్చు. పాతకాలంల ఊరి నీరటి చేసిన పని అదే, ఆయనకు ఈక్విటీ అనే మాట తెల్వకపోవచ్చు గాని ఏ మడికి ఎంతసేపో తెలుసు.

సర్కారు లెక్కల్లో గూడ ఈ తేడా ఎప్పట్నుంచో ఉంది. మైదాన ప్రాంతంల 5000 మందికి ఒక సబ్‌సెంటర్ ఉండాలె, కొండలు, గిరిజన ప్రాంతాల్ల అయితే 3000 మందికే ఒకటి. పీహెచ్‌సీ మైదానంల 30 వేల మందికి, గిరిజన ప్రాంతంల 20 వేలకే. అంటే అడవిల ఉండేటోళ్ళకు తక్కువ మందికే ఒక నర్సమ్మ, ఎందుకంటే ఆమె నడవాల్సిన బాట ఎక్కువ. దీన్ని ఎవరూ అన్యాయం అనలేదు ఇన్నేండ్ల సంది.

ఇంక అందుబాటు అనే మాట ఉంది సూడు, అది మస్తు గడుసుది. టీకా ఫ్రీ, నిజమే. పీహెచ్‌సీ దాకా ఆటోకు పోను రాను పైసలు కావాలె, ఆ రోజు కూలి పోతది, పెంటా సూది (ఐదు జబ్బులకు కలిపి ఒకటే సూది) వేసినంక రాత్రికి పిల్లగానికి జరం వస్తే తెల్లారి కూలి గూడ పోతది. రెండు రోజుల కూలి ఖర్చయిన సూదిని ఫ్రీ అని ఎట్ల అంటం? కందులు కోసే టైంల, పత్తి ఏరే టైంల టీకాలకు రానోళ్ళను ‘అవగాహన లేదు’ అని రాసేస్తరు గాని చానామందికి అవగాహన ఉంటది, లేనిది ఖాళీ.

వైవిధ్యం అంటే మనుషులు రకరకాలుగ ఉంటరు, ఒకటే కొలత అందరికీ సరిపోదు అని. భాషతోటే మొదలుపెట్టొచ్చు. దేవరకొండ దిక్కు తండాల్ల లంబాడీ మాట్లాడ్తరు, మహబూబ్‌నగర్ పాతబస్తీ గల్లీల్ల ఉర్దూ, మక్తల్ దాటి రాయచూర్ రోడ్డు మీద సగం కన్నడ. పుస్తకం తెలుగుల ‘మీ శిశువునకు వ్యాధినిరోధక టీకాలు సకాలంలో ఇప్పించండి’ అని ఒక పోస్టర్ అతికిస్తే ఈళ్ళల్ల ఎవరికి అందింది? తెలుగోళ్ళకే అందలేదు. పరికరాల్ల గూడ ఈ గొడవ ఉంది. కరోనా రెండో వేవ్‌ల ఇంటింటా వేలికి పెట్టుకున్న పల్స్ ఆక్సీమీటర్, నల్ల చర్మం ఉన్నోళ్ళల్ల ఉన్న ఆక్సిజన్ కంటే ఎక్కువ చూపిచ్చే అవకాశం ఉందని 2020 డిసెంబర్‌లనే అమెరికా డాక్టర్లు లెక్కలతోటి సహా బయటపెట్టిన్రు. ఎండల పనిచేసే మన జిల్లాల్ల ఆ మిషిన్ ‘95’ చూపిస్తే ఇంట్ల ఉండమని పంపిన కేసుల్ల ఎన్నిటికి అసలు 95 ఉండెనో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

సగటు ఏం దాస్తదో ఒక లెక్క చేసి చూద్దాం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16ల చేసినప్పుడు దేశంల ఏడాది నుంచి రెండేండ్ల లోపు పిల్లల్లో అన్ని టీకాలు పడ్డోళ్ళు 62 శాతం. 2019-21 సర్వేకు వచ్చేసరికి 76 దాటింది, తెలంగాణల 79 దాకా పోయింది. మంచి పెరుగుదలే. ఇదే సర్వేల మన రాష్ట్రంల ఆస్పత్రి కాన్పులు 97 శాతం అని తేలింది. అంటే దాదాపు ప్రతి పిల్లగాడు దవాఖానల్నే పుడుతున్నడు, పుట్టినప్పటి టీకాలు ఆడనే పడ్తున్నయ్, తర్వాత నడుమల జారిపోతున్నరు. ఈ జారుడు ఏడ ఉందో సగటు చెప్పదు.

ఒక మండలం అనుకుందాం, ఊహ లెక్కే. తట్టు టీకా పడాల్సిన పిల్లలు 1000 మంది. 900 మంది రోడ్డు మీది పెద్ద ఊర్ల వాళ్ళు, 100 మంది నాలుగైదు తండాల వాళ్ళు. పెద్ద ఊర్లల్ల 99 శాతం పడ్డది, అంటే 891. తండాల్ల 60 మందికే పడ్డది. మొత్తం కలిపితే 951, అంటే 95 శాతం పైనే. తట్టు పాకకుండ ఆపాల్నంటే 95 శాతం మందికి టీకా ఉండాలె అని డాక్టర్లు చెప్పే గీత గదే, మండలం గీత దాటింది, మీటింగుల చప్పట్లు కొట్టిన్రు. ఇప్పుడు తట్టు వచ్చిందనుకో. దానికి సగటు సంగతి తెల్వదు. పెద్ద ఊర్లల్ల 900 మందిల 9 మంది దొరుకుతరు, ఒకలకొకలు దూరం దూరం. తండాల్ల 100 మందిల 40 మంది, ఏ తండా పిల్లలు ఆ తండా అంగన్‌వాడీల ఒక్కటే చాప మీద కూసొని ఉంటరు. తట్టు వచ్చిన ఒక్క పిల్లగాడు ఏ రక్షణ లేని గుంపుల పడితే 12 నుంచి 18 మందికి అంటిస్తడు. 95 శాతం మండలంలనే తండాల్ల టీకా పడని పిల్లలంత మంచాన పడ్తరు.

ఈ లెక్కకు వేరే వైపు నుంచి వాదన గూడ ఉంది, అది కొట్టిపారేసేది కాదు. ఆరోగ్య శాఖ దగ్గర ఉన్నది ఇంతమందే సిబ్బంది, ఇన్నే బండ్లు, ముందు పెద్ద ఊర్లల్ల 80ని 99 చేస్తే 170 మంది పిల్లలకు రక్షణ వస్తది, అదే కష్టం తండాల మీద పెడితే మహా అంటే 40 మంది, ఏది మేలు అని అడుగుతరు. మొదటి దశల ఈ వాదనే నిలుస్తది. పెద్ద ఊర్లు 99కి చేరినంక గూడ అదే పద్ధతి నడుస్తుంటే మాత్రం ఆ వాదన నిలవదు, ఒట్టి అలవాటే మిగుల్తది.

ఒక సీసా, ఒక నీలం డబ్బా, ఒక్క పిల్లగాడు

టీకా పంపిణీల అసలు చిక్కు నాకు మా చిన్నమ్మ దగ్గర సమజైంది. ఆమె ఆశ వర్కర్, దేవరకొండ దిక్కు. బుధవారం, శనివారం టీకాల రోజులు. పొద్దున నర్సమ్మ నీలం రంగు వ్యాక్సిన్ క్యారియర్ తెచ్చుకుంటది, లోపల నాలుగు దిక్కుల నాలుగు ఐస్ ప్యాకులు, నడుమ సీసాలు. ఫ్రీజర్‌ల నుంచి తీసిన ఐస్ ప్యాకును అట్లనే పెట్టరు, బయట కొంచెంసేపు ఉంచి చెవి దగ్గర పెట్టుకొని ఊపుతరు, లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలె, అప్పుడే పెట్టాలె. లేకుంటే గడ్డ చల్లదనానికి పెంటా లాంటి టీకా గడ్డ కట్టి చెడిపోతది. వేడి తగిలినా చెడుతది, 2 నుంచి 8 డిగ్రీల నడుమ ఉండాలె, ఏప్రిల్‌ల నల్గొండ ఎండ మీకు చెప్పాల్నా. సీసా మీద గుండ్రంల ఒక చిన్న చదరం ఉంటది, వేడి తగిలినకొద్దీ అది నల్లబడ్తది, చుట్టూ ఉన్న రంగుతోటి కలిసిపోతే ఆ సీసా పక్కకు పెట్టుడే.

ఇంక ఎంఆర్ టీకా, అంటే తట్టు, రుబెల్లాది. పొడి సీసాల ద్రావణం కలిపినంక 4 గంటలే, తర్వాత మిగిలిన డోసులు పారేయాలె. ఒక సీసాల 5 డోసులు. 300 మంది ఉన్న తండా తీసుకోండి. వెయ్యి మందికి ఏడాదికి 16 కాన్పులు అనుకుంటే 300 మందికి అటుఇటు 5 మంది పిల్లలు. ఒక్కొక్కరికి రెండు డోసులు, 9 నెలలకు ఒకటి, ఏడాదిన్నరకు ఒకటి. అంటే ఏడాది మొత్తంల ఆ తండాకు కావాల్సినవి 10 డోసులు. నెలకు ఒక్కసారి పోతే ఒక్క పిల్లగాడు ఉంటడు, ఒక్కోసారి ఉండడు. ప్రతిసారి ఒక్కని కోసం సీసా తెరిస్తే 10 సీసాలు, 50 డోసులు, అందుల 40 పారబోసుడు. అదే 5000 మంది ఉన్న ఊర్ల అయితే నెలకు 13 మంది పిల్లలు వస్తరు, 3 సీసాలు తెరిస్తే రెండే డోసులు పోతయ్.

రూల్ ఏమంటది అంటే, ఒక్క పిల్లగాడు వచ్చినా సీసా తెరవాలె, తిప్పి పంపొద్దు. వేస్టేజీకి లెక్క గూడ ఇచ్చిన్రు, బీసీజీలో (క్షయ టీకా) అయితే సగం దాకా పోయినా ఒప్పుకుంటరు. అయినా కింది స్థాయిల భయం పోలేదు, ఎందుకంటే నెలాఖరు రిపోర్టుల ఎన్ని డోసులు వచ్చినయ్, ఎన్ని పడ్డయ్ అనే రెండు అంకెలు పక్కపక్కన ఉంటయ్, ఆ తేడా చూసి పైవాళ్ళు అడుగుతరు. అందుకని "వచ్చే నెల ఇంకో ఇద్దరు అయితరు, అప్పుడు రండి" అనే మాట వస్తది. ఆ తల్లి మళ్ళ రావాలెనాయె, పత్తి చేను పిలుస్తుండె. 9 నెలల సూది 13వ నెలల పడ్తది, లేకుంటే పడదు. పొదుపు చేసినోళ్ళను తిట్టుడు సులువు గాని వాళ్ళు గూడ సర్కారు సొమ్ము వృథా కావొద్దనే చేసిన్రు. 40 డోసులు పారబోసుడే ఆ తండాకు సమన్యాయం అనే మాట వినటానికి ఎంత ఎబ్బెట్టుగ ఉంటదో చూడండి, లెక్క మాత్రం అదే చెప్తది.

వలస పోయిన బిడ్డ ఏ ఊరి లెక్క

పాలమూరు అంటేనే వలస. కోస్గి, మద్దూరు, నారాయణపేట దిక్కు నుంచి బొంబాయి, పూణె పోయే బస్సులు తరాల సంది నడుస్తున్నయ్, మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుంటరు, దసరా దీపావళి దాటినంక పోతరు, వానలకు వస్తరు.

ఆగస్టుల పుట్టిన ఒక బిడ్డను తీసుకుందాం. పుట్టినప్పటి బీసీజీ, పోలియో, హెపటైటిస్ బీ దవాఖానల్నే పడ్డయ్. ఆరు వారాలకు పెంటా మొదటి డోసు ఊర్ల పడ్డది. పండుగ కాంగనే తల్లిదండ్రులు బిడ్డను ఎత్తుకొని పూణె సైటుకు పోయిన్రు. 10 వారాలు, 14 వారాల డోసులు ఆడ పడాలె. కార్డు ఊర్ల నానమ్మ సందూగుల ఉంది, పోగొట్టుకుంటరేమో అని ఆమెనే దాచిపెట్టింది. ఆడి నర్సుకు మరాఠీ, ఈమెకు తెలుగు, ఏ సూది అయింది ఏది కాలేదు చెప్పరాదు. నిజానికి ఏ సర్కారు కేంద్రంలైనా ఏ ఊరి పిల్లకైనా టీకా వేయాలె, కార్డు లేదని పంపొద్దు, నడుమ గ్యాప్ వచ్చిందని మొదట్నుంచి వేయాల్సిన పని గూడ లేదు, ఆగిన కాడ నుంచే వేస్తరు. ఈ ముచ్చట ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. ఆమె జూన్‌ల వాపస్ వచ్చేసరికి బిడ్డకు పది నెలలు.

ఇప్పుడు ఈ బిడ్డ ఎవరి లెక్క? ఇంటి సర్వే చేసినప్పుడు తాళం ఉంది, ‘వలస’ అని రాసి హారంలకెల్లి తీసేసిన్రు. పూణెల ఆ సైటు ఏ వార్డు సర్వేలకూ రాలేదు. రెండు దిక్కులా శాతం బాగనే ఉంది. మా ఫ్లెక్సీ పక్క బట్టీల ఒడిశా పిల్లలది గూడ ఇదే కథ తిరగేసి చదివినట్టు.

దీనికి మందుగ యూ-విన్ అనే డిజిటల్ రిజిస్టర్ తెచ్చిన్రు, 2023ల కొన్ని జిల్లాలతోటి మొదలుపెట్టిన్రు. గర్భిణి పేరు ఎక్కితే బిడ్డ టీకాలు ఏ రాష్ట్రంల వేసినా అందుల కనపడాలె, కార్డు సందూగుల ఉన్నా ఫోన్ నంబర్ చాలు. ఆలోచన మంచిదే. ఫోన్ నంబర్ నెలకోసారి మారే ఇంట్ల, ఉన్న ఒక్క ఫోన్ మేస్త్రీ చేతుల ఉండే ఇంట్ల అది ఎంత పనిచేస్తదో అనే అనుమానం గూడ అంతే న్యాయమైంది.

నల్లమల పెంటల్ల

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల అప్పాపూర్ లాంటి చెంచు పెంటలు ఉన్నయ్. చెంచులు ప్రత్యేకంగ వెనుకబడిన గిరిజన సమూహం కింద వస్తరు, వాళ్ళ కోసం మన్ననూరుల ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది. పెంట అంటే ఒక్కోటి పది ఇండ్లు, ఇరవై ఇండ్లు. వానకాలం బాట ఉండదు, చీకటైతే జంతువుల భయం. 2023 నవంబర్‌ల కేంద్రం మొదలుపెట్టిన పీఎం జన్‌మన్ పథకంల ఇట్లాంటి ఆవాసాలకు మొబైల్ మెడికల్ యూనిట్లు గూడ పెట్టిన్రు, దవాఖాననే బండెక్కి పోవుడు.

ఈడ రెండు ఆలోచనలు గట్టిగ కొట్లాడుతయ్. ఒకటి, లోపల ఒక్కో కుటుంబానికి సేవ అందియ్యాల్నంటే ఖర్చు ఎక్కువ, బయటికి తెచ్చి ఇండ్లు కట్టిస్తే బడి, దవాఖాన, కరెంటు అన్నీ దగ్గరైతయ్ అనేది. రెండోది, అడవిల తేనె, గడ్డలు, దేవుండ్లు అన్నీ ఉన్నోళ్ళను సూది కోసం బయటికి తెచ్చుడేంది, సూదే లోపలికి పోవాలె అనేది. ఇది ఆరోగ్య శాఖ ఒక్కతే తేల్చే ముచ్చట కాదు, అడవి శాఖ, పులి, భూమి అన్నీ ఇందుల ఉన్నయ్. టీకా వరకు చూస్తే తేలిన సంగతి ఒకటుంది, లోపల తిరిగే మనిషి చెంచు పిల్లే అయితే తలుపులు తెరుచుకుంటయ్. కొత్త ముఖం, యూనిఫాం, జీపు చూస్తే పిల్లలను ఎత్తుకొని అడవిలకు పోయే తల్లులు గూడ ఉంటరు.

2021 ఎండకాలం: స్లాట్ దొరికినోనిదే సూది

కరోనా టీకా జనవరి 16న మొదలైంది, ముందు ఆరోగ్య సిబ్బందికి, మార్చిల 60 దాటినోళ్ళకు, ఏప్రిల్‌ల 45 దాటినోళ్ళకు. ఈ వరుస వయసు మీద, అంటే చచ్చిపోయే ప్రమాదం ఎవరికి ఎక్కువ అనే దాని మీద పెట్టింది, దానికి ఎక్కువ మంది ఒప్పుకున్నరు. మే 1 నుంచి 18 దాటినోళ్ళకు తెరిచిన్రు, అసలు లొల్లి ఆడ మొదలు. టీకాల్ల సగం కేంద్రానికి, పావు రాష్ట్రాలకు, పావు ప్రైవేటుకు, మూడు రేట్లు. 18 నుంచి 44 వాళ్ళు కోవిన్ అనే సర్కారు వెబ్‌సైట్‌ల ముందే బుక్ చేసుకోవాలె, అదేమో మొదట్ల ఇంగ్లీషులనే ఉండె, తెలుగు జూన్‌ల వచ్చింది. ప్రైవేటుల తర్వాత కేంద్రమే పెట్టిన గరిష్ఠ ధర కోవిషీల్డ్‌కు 780, కోవాగ్జిన్‌కు 1410. ఇంట్ల నలుగురు ఉంటే, రెండు డోసులు, కోవాగ్జిన్ అయితే 11,280 రూపాయలు. అప్పటి ఉపాధి హామీ కూలితోటి లెక్క చేసుకోండి ఎన్ని రోజులో.

ఆ ఎండకాలం మా ఊరి పీహెచ్‌సీ ముందర పట్నం కార్లు ఆగి ఉండె. వాళ్ళ తప్పేం లేదు, పట్నంల స్లాట్ దొరకలేదు, ఫోన్‌ల ఏడ ఖాళీ చూపిస్తే ఆడికి వచ్చిన్రు. ఎదురుంగ వేపచెట్టు కింద మా ఊరి ముసలోళ్ళు కూసొని చూస్తుండె, "మన దవాఖానల మనకు లేదట" అని. కోవిన్ నియమం అందరికీ ఒకటే, అదే దాని చిక్కు.

కోవిన్ వైపు మాట్లాడేటోళ్ళ మాట గూడ వినాలె. అది లేకుంటే సర్పంచ్ మనుషులు, లీడర్ల చుట్టాలు ముందు వేయించుకుందురు, రెండో డోసు ఎవరికి ఎప్పుడో గుర్తు పెట్టుకునేదెవరు, సర్టిఫికెట్ దొంగది కాదని తేల్చేదెట్ల. అప్పుడు ఒక్క ఫోన్ నంబర్ మీద నలుగురి పేర్లు ఎక్కియ్యొచ్చుండె గూడ. ఇవన్నీ నిజాలే. సుప్రీంకోర్టు మే 31 ఆదేశంల డిజిటల్ తేడా గురించి గట్టిగనే అడిగింది, 18 నుంచి 44 వాళ్ళ దగ్గర పైసలు తీసుకునే విధానం పైపైన చూస్తేనే ఏకపక్షంగ, అర్థం లేకుండ ఉందన్నది. అంతకంటే ముందే మే 24న సర్కారు కేంద్రాల్ల నేరుగ పోయి పేరు రాసుకునే వీలు పెట్టిన్రు, జూన్ 21 నుంచి కేంద్రమే 75 శాతం కొని అందరికీ ఫ్రీ చేసింది. ఆధార్ గిట్ల ఏ గుర్తింపు లేనోళ్ళకు వేరే పద్ధతి మేల, గర్భిణులకు అనుమతి జులైల, మంచంల ఉన్నోళ్ళకు ఇంటికొచ్చి వేసుడు సెప్టెంబర్‌ల వచ్చినయ్. తేదీలు వరుసగ చదివితే ఎవరు ముందు గుర్తొచ్చిన్రో, ఎవరు ఆఖరుకు గుర్తొచ్చిన్రో తెలుస్తది.

మన రాష్ట్రం మే 28 నుంచి ఒక వేరే పని చేసింది, వయసు పక్కకు పెట్టి రోజూ జనంల తిరిగేటోళ్ళకు, గ్యాస్ సిలిండర్లు మోసేటోళ్ళు, రేషన్ డీలర్లు, తర్వాత ఆటో, క్యాబ్ డ్రైవర్లకు ముందు వేసింది. ‘ఎవరు చచ్చిపోతరు’ అనే దానికి బదులు ‘ఎవరికి ఎక్కువ అంటుతది, ఎవరి నుంచి ఎక్కువ పాకుతది’ అనే వరుస ఇది. రెండు వరుసలకూ న్యాయం ఉంది, రెండూ వేరే వేరే మనుషులను ముందు నిలబెడతయ్.

తయారయ్యేది పక్కనే, చేరేది ఆలస్యంగ

శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీల కోవాగ్జిన్ తయారైంది, రెండు వందల కిలోమీటర్ల లోపే నల్లమల. దేశాల నడుమ గూడ ఇదే తీరు. 2020 అక్టోబర్‌ల ఇండియా, దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థల కరోనా మందుల పేటెంట్లు కొంతకాలం పక్కకు పెట్టమని అడిగినయ్. తేలింది 2022 జూన్‌ల, అడిగినదానికంటే చిన్నగ. పేటెంటే అడ్డమనేటోళ్ళు ఒకవైపు, పేటెంట్ తీసేసినా తయారీ కిటుకు, ముడి సరుకు, మిషన్లు లేనిది సీసా రాదనేటోళ్ళు ఒకవైపు. హైదరాబాద్ బయోలాజికల్ ఇ కంపెనీ కోర్బెవాక్స్ రెండు వాదనలకూ ఉదాహరణే. టెక్సస్ శాస్త్రవేత్తలు పేటెంట్ పెట్టుకోకుండ ఇచ్చిన్రు, మంచిగనే తయారైంది, గాని అనుమతి వచ్చింది 2021 డిసెంబర్ ఆఖర్ల, అప్పటికి రెండో వేవ్ మన ఊర్ల చేయాల్సినంత చేసి పోయింది. అదే 2021 మొదట్ల మనం బయటి దేశాలకు 6 కోట్లకు పైగ డోసులు పంపినం, మార్చి ఆఖరు నుంచి ఆపినం. పంపినప్పుడు మనోళ్ళు తిట్టిన్రు, ఆపినప్పుడు మన మీదనే ఆధారపడ్డ ఆఫ్రికా దేశాలు ఇబ్బంది పడ్డయ్.

కనిపెట్టుడు వేరు, చేరుడు వేరు అనేది నల్గొండకు కొత్త కాదు. నీళ్ళల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు, పటిక, సున్నంతోటి చేసేది, నాగ్‌పూర్ నీరీ సంస్థ తయారుచేసింది, టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. అదే నల్గొండ జిల్లాల ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన మర్రిగూడకు కృష్ణా నీళ్ళు నల్లాల్ల వచ్చేసరికి ఎముకలు వంగినోళ్ళు వంగిపోయిండ్రు.

ఇచ్చుడు సరే, అడిగిన్రా

హెచ్‌పీవీ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపేది, ఆ క్యాన్సర్‌తోటి దేశంల ఏటా 75 వేలకు పైగ ఆడోళ్ళు చనిపోతున్నరు. మన దేశపు సెర్వావాక్ 2023ల ప్రైవేటుకు వచ్చినప్పుడు డోసు సుమారు 2000 రూపాయలు. ఒక్క డోసు గూడ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022ల చెప్పింది. పరీక్షలు, చికిత్స పట్నంల దొరికే జబ్బుకు ఊరి ఆడపిల్లకే టీకా ఎక్కువ అవసరం, ఇంతవరకు ఈక్విటీ లెక్క సాఫ్‌గనే ఉంది.

గాని మన దిక్కు ఈ టీకా పేరు చెప్తే పాత గాయం ఒకటి లేస్తది. 2009 జులైల ఉమ్మడి ఖమ్మం జిల్లాల ఒక ప్రాజెక్టు కింద 10 నుంచి 14 ఏండ్ల 14 వేల మంది దాకా ఆడపిల్లలకు ఇదే రకం టీకా వేసిన్రు, మస్తుమంది గిరిజన హాస్టల్ పిల్లలు. తర్వాత కొందరు అమ్మాయిలు చనిపోయిన్రు, 2010 ఏప్రిల్‌ల ఆపేసిన్రు. విచారణ కమిటీ ఆ చావులకు టీకాకు సంబంధం కనపడలేదన్నది. కమిటీ తప్పు పట్టింది వేరే దగ్గర, తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన ఎన్నో ఫారాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉండె. 2013ల పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగనే తిట్టింది.

దీన్ని రెండు తీర్ల చదువుతరు. టీకా మంచిది, తప్పు పద్ధతిల ఉంది, పద్ధతి సరిచేసి ఇయ్యాలె అని కొందరు. ముందు పేదోళ్ళ మీదనే ఎందుకు, పట్నం స్కూళ్ళ పిల్లలకు అట్ల వార్డెన్ సంతకంతోటి వేస్తరా అని కొందరు. రెండో ప్రశ్న టీకా వ్యతిరేకుల ప్రశ్న అని పక్కకు నెడతరు చానామంది, నాకైతే అది ఈక్విటీ ప్రశ్నే అనిపిస్తది. టీకా ఆఖరి మడికి పోవాలె అన్నప్పుడు దాంతోపాటు పోవాల్సిన కాగితం, వివరణ, వద్దనే హక్కు గూడ పోవాలె గదా.

మరి దేన్ని కొలుస్తరు

ఈ మధ్య కొలత మార్చిన్రు. ‘ఎంతమందికి అయింది’ తోటి పాటు ‘జీరో డోస్ పిల్లలు ఎందరు’ అని అడుగుతున్నరు, అంటే పెంటా మొదటి డోసు గూడ పడని పిల్లలు. ఒక్క డోసు పడ్డదంటే ఆ ఇల్లు ఎవరికో ఒకరికి తెలుసు, మిగతావాటికి వెతకొచ్చు. జీరో అంటే ఆ ఇల్లే తెల్వదు. 2014 డిసెంబర్‌ల మొదలైన మిషన్ ఇంద్రధనుష్ చేసింది గూడ ఇదే, బట్టీలు, కట్టడం సైట్లు, సంచార గుడారాలు వెతుక్కుంట పోవుడు. ఇందుల ఒక తిరకాసు ఉంది. నిజాయితీగ వెతికితే హారం పెరుగుతది, శాతం పడిపోతది. 50 మంది పిల్లలకు 50 వేసిన ఆశమ్మది 100 శాతం. బట్టీ దాకా నడిచి ఇంకో 12 మందిని కనిపెట్టిన ఆశమ్మది 81 శాతం. మీటింగుల నిలబెట్టి అడిగేది ఎవరిని?

మా చిన్నమ్మ దీనికి తనదైన తొవ్వ పెట్టుకుంది. ఆమె రిజిస్టర్‌ల ముందు పేజీలన్నీ నీలం పెన్నుతోటి, గీతలు కొట్టి, నీట్‌గ ఉంటయ్. ఆఖరి రెండు పేజీల్ల మాత్రం పెన్సిల్ రాత. బట్టీ పిల్లల పేర్లు, వాళ్ళు ఎట్ల పలికితే అట్ల రాసింది, వయసు తెల్వని కాడ ‘నడుస్తుండు’, ‘పండ్లు వచ్చినయ్’ అని రాసింది. పెన్సిల్ ఎందుకు చిన్నమ్మా అంటే, "వానలు పడంగనే పోతరు బిడ్డా, పెన్నుతోటి రాస్తే నా లెక్కల బాకీ పడ్తరు" అన్నది. శనివారం నర్సమ్మ వచ్చినప్పుడు ముందు పేజీలు అయిపోయినంక, డబ్బాల ఇంక డోసులు ఉంటే, ఇద్దరూ బండి మీద బట్టీ దిక్కు పోతరు.